నూనె వంపు బురద

కోతలకు ముందు వచ్చే తెల్లమంచు కార్తె మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: కాలవ గట్టున రెండంతస్తుల బియ్యం కొట్టు, అందులో కింద కాటా, పైన ఖాళీగా పడి ఉన్న మేడ, మా షీవాన్ ఊరి రైతుల నమ్మకం, ఇల్లరికపు అల్లుడిగా పాన్ వారింట్లో ఒక గది, భోజనాల బల్ల దగ్గర తలుపు వైపు పీట, భార్య మెయ్‌దీ, ఎనభయ్యో పడిలో పడబోతున్న మావయ్య పాన్ గెంఫాకి ఎదురు చెప్పకుండా ఉండగల ఓర్పు. వీటన్నిటికీ పైన, ఐదో నెల కడుపుతో సూజౌ నగరం నుంచి వచ్చి కూర్చున్న మా అమ్మాయి లింగ్యా.

దానిది రెండిళ్ళ పెళ్ళి. మా వైపు ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు. పిల్ల అటు పోదు, పిల్లాడు ఇటు రాడు. మొదటి బిడ్డకు ఒకరి ఇంటిపేరు, రెండో బిడ్డకు రెండోవారిది. మొదటి బిడ్డ పాన్ వారిదని ఒప్పందం. అందుచేత ఆ కడుపులో ఉన్నది మావయ్య దృష్టిలో మనవరాలి బిడ్డ మాత్రమే కాదు, ఆయన ఇంటిపేరు. నా ఇంటిపేరు ఫెయ్ సంగతంటారా, అది నాతో పడవెక్కి వచ్చింది, నాతోనే దిగిపోతుంది.

సూజౌలో ఉన్నన్నాళ్ళూ లింగ్యాకి అన్నం సహించలేదు. "తాత మడి బియ్యం అయితేనే దిగుతుందమ్మా" అని ఫోనులో ఏడ్చి వచ్చేసింది. తాత మడి అంటే మూడు మూలల మడి. మా ఊరి బియ్యానికి పట్నంలో పేరు తెచ్చింది అదే. అన్నం వండితే పక్కింటివాళ్ళకు తెలిసేంత వాసన. ఊళ్ళో మిగతా మడులన్నీ ఆ మడి వెనక నడిచే కోడిపిల్లలే.

ఆ కార్తెలోనే జోంగ్ షుటావ్ అనే ఆవిడ నా కొట్టుకు వచ్చింది. ఎండకు వాడిన మొహం, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. మా ప్రాంతానికి మట్టి పటం గీయడానికి జిల్లా తరఫున వచ్చిందట. ఏ మడిలో మట్టి ఎలాంటిది, పులుపెంత, బంకెంత, చేరకూడనివి ఏవైనా అందులో చేరాయా, అన్నీ రంగులు వేసి చూపిస్తారట. తెచ్చిన మట్టిని ఎండ తగలకుండా గాలికి ఆరబెట్టాలి, నా మేడ కావాలి అంది.

"బియ్యం దాచుకునే చోట మట్టి ఆరబోస్తారా, టీచరమ్మా?" అన్నాను. చదువుకున్న ఆడవాళ్ళు ఎవరొచ్చినా మాకు టీచరమ్మలే.

"బియ్యానికి తల్లే కదండీ మట్టి. పురిటికి వచ్చిందనుకుని ఓ రెండు నెలలు ఉండనివ్వండి."

అద్దె అడగలేదు. వార్త నా నెత్తి మీదే ఆరుతుంటే ఊరందరికంటే ముందు నాకే తెలుస్తుంది. వ్యాపారికి అంతకు మించిన అద్దె ఏముంటుంది? ఆ లెక్క తప్పలేదు. ముందుగా తెలియడం ఎప్పుడూ లాభమేనని అనుకోవడం మాత్రం తప్పింది.

* * *

ఆవిడ మూడు మూలల మడికి వచ్చిన రోజు సగం ఊరు గట్టు మీదే ఉంది. కోతకు ముందు పైరు బంగారంలా వంగి ఉంది. ఆవిడ మడి మధ్యలో ఒక చోట, చుట్టూ నాలుగు చోట్ల, రేగుపువ్వు రేకుల్లాగా, పారతో జానెడు లోతు తవ్వింది. తవ్విన ప్రతి పెళ్ళనూ చేతిలోకి తీసుకుని, పార తగిలిన వైపంతా వెదురు కత్తితో గీకి పారేసింది.

"ఏమ్మా, మట్టికి గడ్డం గీస్తున్నావా?" అన్నాడు మావయ్య. అందరూ నవ్వారు.

"ఇనుము తగిలిన మట్టి అబద్ధం చెబుతుంది తాతా. అది తీసేస్తున్నా."

ఐదు చోట్ల మట్టీ ఒక గుడ్డ మీద కలిపి, రొట్టెలా గుండ్రంగా పరిచి, అడ్డంగా నిలువుగా గీతలు గీసింది. ఎదురెదురు వాటాలు రెండూ తీసి పారేసింది. మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేసింది. అలా చివరికి ఒక చిన్న సంచీకి సరిపడా మిగిలింది.

పక్క మడి యాన్‌ది. ఊరంతా వాణ్ణి సోమరి యాన్ అనే పిలుస్తుంది. వాడికీ అరవై దాటాయి, పేరు మాత్రం దాటలేదు. గట్టు మీద చతికిలబడి అన్నాడు: "వాటాలు బాగా వేస్తున్నావమ్మా. మా అన్నదమ్ములు విడిపోయినప్పుడు నువ్వు వచ్చుంటే నాకీ కుంటి గేదె వచ్చేది కాదు."

"నీ మడిలో తవ్వితే ఏమొస్తుందిరా?" అన్నాడు మావయ్య. "నువ్వు నిద్రపోతున్నప్పుడు కారిన చొంగ."

"నా మట్టి మీద ఎవరి చెయ్యీ పడలేదు మావా. మా అమ్మ కన్నప్పుడు నేనెలా ఉన్నానో అదీ అలాగే ఉంది."

"అవును. ఇద్దరికీ ఎదుగూ బొదుగూ లేదు."

మావయ్య వంగి తన మట్టి ఒక పిడికెడు తీసి, నొక్కి, అరచేతిలో చూపించాడు. నల్లగా నిగనిగలాడుతోంది. "చూసుకో తల్లీ. ఇది ఎవరో ఇచ్చిన మట్టి కాదు. నేను పెంచిన మట్టి."

ఆవిడ చూసి తలూపింది. నాలుగు వరి వెన్నులు కూడా కోసుకుని, వేరే సంచీలో వేసుకుని, పటంలో చుక్క పెట్టుకుంది.

* * *

నా మేడ మీద మట్టి వరసలుగా పరిచారు. ఒక్కో మడిది ఒక్కో కాగితం మీద, పక్కన చీటీ. మొదట్లో ఊళ్ళోవాళ్ళు ఆస్పత్రిలో చుట్టాన్ని చూడ్డానికి వచ్చినట్టు వచ్చేవారు. "మావాడు బాగా ఆరుతున్నాడా?" "పక్కవాడి పక్కన పడుకోబెట్టొద్దమ్మా, వాడికి గజ్జి." ఆవిడ నవ్వుతూనే కర్ర సుత్తితో గడ్డలు చితగ్గొట్టేది.

కోతలు మొదలయ్యాయి. పట్నం నుంచి మొదటి ఫలితాలు వచ్చాయి. ఆవిడ నవ్వడం తగ్గించింది. మళ్ళీ సంచీలు పట్టుకుని పొలాల్లోకి వెళ్ళింది, ఈసారి మా వైపు మడులకు మాత్రమే. కొన్నాళ్ళకు ఇంకోసారి వెళ్ళింది. పటంలో ఈసారి గీసుకున్న గళ్ళు ఇంకా చిన్నవి. మూడు మూలల మడి ఒక్కదాన్నే ముక్కలు చేసి ముక్క ముక్కకూ తవ్వింది.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గింజ అమ్ముతున్నాను. కొనేవాడు ఒక బస్తా దగ్గరకు రెండోసారి వచ్చి చెయ్యి పెట్టాడంటే సరుకు నచ్చినట్టు. మూడోసారి వచ్చి, బేరం మాటే ఎత్తకుండా, అడుగు నుంచి తీసి చూశాడంటే ఆ బస్తాకు ఏదో అయినట్టు. మేడ ఎక్కాను. ఆవిడ ఒక్కతే ఉంది.

"ఏం తేలింది టీచరమ్మా?"

"మొత్తం రాకుండా చెప్పకూడదు ఫెయ్ గారూ. ఒక చుక్క చూసి ఊరిని అంచనా కట్టకూడదు. నాకే ఏమీ అర్థం కావట్లేదు. కాలవ ఒడ్డు మడి బాగుంటుంది, లోపలెక్కడో నీళ్ళు సరిగా అందని మడి పాడై ఉంటుంది. గట్టుకు ఇటు ఒకటి, అటు ఇంకొకటి. నీళ్ళు తెచ్చిన జబ్బయితే ఇలా దాగుడుమూతలు ఆడదు."

"చెప్పొద్దు. ఒకటి మాత్రం అడుగుతాను. మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే మూడు మూలల మడి బియ్యం వండి పెడతారా?"

ఆవిడ చేతిలో ఉన్న గడ్డ కాగితం మీద పెట్టింది.

"మీ అమ్మాయి నిన్న నాకు కమలాపండు ఒలిచి పెట్టింది," అంది. "పెట్టను. ఇంకా తెలియదు కాబట్టే పెట్టను."



* * *

ఆ మధ్యాహ్నమే ఈశాన్యం నుంచి వచ్చే బియ్యం ఒక బస్తా తెచ్చి, ఇంట్లో జాడీలో ఉన్నది కొట్టులో దాచి, జాడీ నింపాను. సాయంత్రం బల్ల చుట్టూ కూర్చున్నాం. మావయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు.

"ఇది ఎవరింటి బియ్యం?"

మెయ్‌దీ నా వైపు చూసింది. నేను చేప ముల్లు తీస్తున్నట్టు తల వంచుకున్నాను.

"మన జాడీకి చెమ్మ తగిలింది మావయ్యా. ఎండబెడదామని..."

"చెమ్మా? నా జాడీకా?" చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టాడు. "నా నాలిక నాకంటే ముందు ముసలిదైందనుకున్నావా అల్లుడూ? ఇల్లరికం వచ్చినవాడు ఇంటి గింజ దాచిపెట్టి ఇంటివాళ్ళకు పైగింజ పెడతాడా? మన బియ్యం పట్నంలో ఎక్కువ ధర పలుకుతోందా ఏమిటి?"

ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను ఇల్లరికం అనడం అదే మొదలు. లింగ్యా నవ్వుతూ అడ్డం వచ్చింది. "పోనీలే తాతా, నాన్న ముక్కుకు జలుబు చేసింది, ఏ బియ్యమో తెలియట్లేదు. నాకు మాత్రం మనది వండించు. ఇది నోట్లో ఇసక పోసుకున్నట్టుంది."

మెయ్‌దీ లేచి కొట్టులో వెతికి మా మడి బియ్యం తెచ్చి చిన్న గిన్నెలో వండింది. లింగ్యా రెండు గిన్నెలు తిని మూడోసారి వడ్డించుకుంది. మావయ్య మొహం వెలిగింది. ఆ పిల్ల మింగే ప్రతి ముద్దా నా గొంతులోంచి దిగుతున్నట్టు ఉంది. నోరు విప్పితే ఊరి పేరు పోతుంది, ఆ ముసలాయన ప్రాణం పోతుంది. విప్పకపోతే గిన్నె మీద గిన్నె లోపలికి పోతోంది.

మర్నాడు కొట్టులో బస్తాల వెనక మెయ్‌దీకి చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆ నడుం నొప్పి ఎన్నేళ్ళ నుంచో ఉంది, వయసనుకున్నాం.

"నేను పళ్ళు వచ్చినప్పటి నుంచీ అదే తిన్నాను," అంది.

"అందుకే నీకు చెబుతున్నా."

"నాన్నకు చెప్పకు. తెలియని దానికి ఆయన్ని చంపకు." బస్తా మూతి బిగించి, "పిల్ల సంగతి నాకొదిలెయ్," అంది.

ఆ రోజే లింగ్యాని పట్నం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి వచ్చి, ఒంట్లో చక్కెర ఎక్కువుందట, అన్నం బంద్, గోధుమ సేమియా, చిలగడదుంపే అని ఇంట్లో చాటింది. డాక్టరమ్మకు అసలు మాట చెప్పి, మూత్రం పరీక్షకు ఇచ్చి వచ్చిందని నాకు మాత్రమే చెప్పింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. వ్యాపారంలో దీన్నే తొందరపడి లాభం రాసుకోవడం అంటారు.

కొన్నాళ్ళకు పెరట్లోకి వెళ్తే కోళ్ళ గూడు వెనక మావయ్యా లింగ్యా దొంగల్లా కూర్చుని ఉన్నారు. ఆయన ఒళ్ళో కాగితం పొట్లం. అందులో కుండ అడుగంటిన మాడుచెక్క, ఎర్రగా, కరకరలాడేది. తన మడి బియ్యం తానే కుంపటి మీద వండుకుని మాడు దానికోసం దాస్తున్నాడు.

"అమ్మకు చెప్పకు నాన్నా," అంది లింగ్యా నోటి నిండా.

"డాక్టర్లకేం తెలుసు?" అన్నాడు మావయ్య. "దీని అమ్మమ్మ కడుపుతో ఉన్నప్పుడు తిండి లేక కాలవ నాచు తింది. ఈ పిల్లకు తిండి ఉండి తినకూడదట. తినవే, తిను. లోపల ఉన్నవాడు నా మడి రుచి చూడాలి."

నేను నవ్వాలి. నవ్వాను. పొట్లం లాక్కుని ఒక ముక్క నోట్లో వేసుకుని, మిగతాది జేబులో కుక్కుకుని, "కరకరలాడుతోంది, కొట్టుకు పట్టుకుపోతా" అన్నాను. ఆయన నా వెనక తిట్టిన తిట్లు కాలవ అవతలి వాళ్ళకు వినబడ్డాయి. వంతెన మీద నిలబడి పొట్లం విప్పి నీళ్ళలో వేశాను. బాతులు ఈదుకుంటూ వచ్చాయి. వాటిని కూడా కర్రతో తోలాను.

* * *

ఆలోగా ఊరికి వాసన తగిలింది. మేడ ఎక్కేవాళ్ళు తగ్గారు, కాటా దగ్గర చేరేవాళ్ళు ఎక్కువయ్యారు.

"తూకం ఎప్పుడు సేటూ?" అని యాన్ అడిగాడు. "పటానికి రంగు పడకముందే కానిచ్చెయ్. పడ్డాక నీకూ నష్టం, మాకూ నష్టం."

"పటం వచ్చాకే కొంటాను."

"అయితే నీకు తెలిసిందన్నమాట," అంది ఒకావిడ.

"నాకేం తెలియదు."

"తెలియకపోతే భయమెందుకు? మేడ మీద ఆ మట్టంతా కాలవలో కలిపెయ్. మట్టి పోతే పటమూ పోతుంది. బియ్యం తిని ఎవరు చచ్చారిక్కడ? మీ మావ ఎనభై ఏళ్ళ నుంచి తినట్లేదా?"

వాళ్ళ మొహాల్లో కోపం లేదు. నా మొహంలో ఉన్నదే ఉంది.

టీచరమ్మ పొలంలో ఉండగా నేనొక్కణ్ణీ పైకి వెళ్ళాను. వరసలో మా మడి కాగితాలు చూశాను. మూడు చీటీలు. పక్క వరసలో యాన్ మడివి. నమూనా మార్చడం ఎలాగో గింజ వ్యాపారికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎదుటివాడు మార్చకుండా చూసుకోవడానికైనా నేర్చుకుని తీరాలి. వంగి మా చీటీ మీద వేలు పెట్టాను. చీటీ మారితే ఊరు నిద్రపోతుంది, మావయ్య గట్టు మీద తలెత్తుకు నడుస్తాడు. లింగ్యా గిన్నెలో అన్నం మాత్రం మారదు. వేలికి అంటిన దుమ్ము ప్యాంటుకు తుడుచుకోబోయి ఆగి, కిందికి దిగి పంపు దగ్గర కడుక్కున్నాను.

* * *

మంచు బాగా పడిన ఒక పొద్దున టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. పటం చుట్టి చంకలో పెట్టుకుంది. ఆవిడ చేతులు చలికి పగిలి ఉన్నాయి. మావయ్య తన సొంత కప్పు కడిగి అందులో టీ పోసి ఇచ్చాడు. పింగాణీ పూత వేసిన తెల్ల ఇనప కప్పు, అంచుల్లో పెచ్చులు రాలింది, మీద ఎర్ర అక్షరాలు. దాన్ని ఆయన ఎవరికీ ఇవ్వడు. మనవరాలి స్నేహితురాలని ఆవిడకు ఇచ్చాడు.

ఆవిడ వేళ్ళు వెచ్చబెట్టుకుంటూ అక్షరాలు చదివింది. "బురద తోడడంలో ప్రథముడు. మీరేనా తాతా?"

"మరి ఎవరనుకున్నావు?" మావయ్య పీట ముందుకు లాక్కున్నాడు. "ఊరంతా ఉమ్మడిగా సాగు చేసిన కమ్యూన్ రోజుల్లో చలికాలం వస్తే మగవాళ్ళందరూ పడవలెక్కాల్సిందే. రెండు వెదుళ్ళకు కట్టిన వల కాలవ అడుక్కి దింపి, కత్తెరలా మూసి, బురద ఎత్తి పడవ నింపాలి. ఆ బురద మోసి మడిలో పోస్తే పైరు ఏనుగులా లేచేది. నేను రోజుకు రెండు పడవలు. ఈ యాన్‌గాడు సగం పడవ నింపి, మిగతా సగంలో పడుకునేవాడు. తర్వాత పంపకాల్లో ఎవరు సాకిన మడి వాళ్ళకే ఇచ్చారు, అందుకే వాడి మడి అలా ఏడ్చింది."

"ఎక్కడి నుంచి తోడేవారు?"

"అందరూ ఇంటి ముందు తోడేవారు, నీళ్ళలాంటి బురద. నేను నూనె వంపు దాకా పోయేవాణ్ణి. అక్కడ కమ్యూన్ వాళ్ళు బోల్టులు తుప్పు పట్టకుండా లోహపు పూత పూసే షెడ్డు ఒకటి ఉండేది, ఎప్పుడో మూసేశారు. దాని కింద వంపులో బురద ఉండేదీ... నల్లగా, చిక్కగా, పైన రంగురంగుల నిగనిగ. పడవకు పడవ వెన్నే. దూరమని ఎవరూ వచ్చేవారు కాదు. నేనూ, నాలాంటి కష్టజీవులు ఇంకో నలుగురూ. ఆ ఐదుగురి మడులే ఈ ఊళ్ళో మడులు."

టీచరమ్మ కప్పు బల్ల మీద పెట్టింది. సగం టీ ఇంకా ఉంది.

ఆ జబ్బు నీళ్ళు తేలేదు. మేము తెచ్చుకున్నాం. పడవల్లో మోసి, భుజాల మీద మోసి, కప్పులు గెలుచుకుని తెచ్చుకున్నాం.

"తాతా," అంది ఆవిడ చాలా మెల్లగా. "ఎక్కడెక్కడ పోశారో చూపిస్తారా?"

"చూపించకేం! కర్ర తెండి."

ఆయన ముందు, ఆవిడ వెనక, ఆవిడ వెనక నేను. కోసిన మడుల్లో మోళ్ళ మీద మంచు తెల్లగా ఉంది. మావయ్య కర్రతో పొడుస్తూ, పెళ్ళిపందిట్లో చుట్టాలను చూపించినట్టు చూపించాడు. "ఇక్కడ మొదటి ఏడు. ఇక్కడ ఆ మరుసటి ఏడు, మెయ్‌దీ పుట్టిన చలికాలం. ఈ మూల పల్లం, ఇక్కడ రెండింతలు పోశా." ఆయన చూపించిన చోటల్లా టీచరమ్మ వంగి వెదురు పుల్లకు కట్టిన ఎర్ర గుడ్డ పీలిక గుచ్చుతోంది. ఒక్కోసారి చంకలో పటం విప్పి చూసి మళ్ళీ చుట్టేస్తోంది. ఆవిడకు ఇంతవరకూ అర్థం కాని చుక్కలు ఒక్కొక్కటే ఆ కర్ర కిందికి వచ్చి కూర్చుంటున్నాయి. ఆయన్ని ఆపాలనిపించింది. చలి అని, మోకాళ్ళు అని, ఏదో ఒకటి చెప్పి ఇంటికి తీసుకుపోవాలనిపించింది. వెనకే నడిచాను.

మూడో మూల దగ్గర ఆయన ఆయాసం తీర్చుకోవడానికి ఆగి, వెనక్కి తిరిగాడు.

మడి నిండా ఎర్ర పీలికలు గాలికి కొట్టుకుంటున్నాయి. గట్టుకు అవతల యాన్ మడి తెల్లగా, ఖాళీగా, ఒక్క పుల్ల లేకుండా పడి ఉంది.

మావయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. టీచరమ్మ మొహం చూశాడు. నా వైపు చూడలేదు. నా జాడీ, నా మాడుచెక్క, నా అబద్ధాలు అన్నీ ఆ ఒక్క క్షణంలో ఆయనకు అర్థమై ఉంటాయి. కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు. ఊపిరి పొగలా వస్తోంది.

"ఇంకో మూడు చోట్ల పోశాను," అన్నాడు. "శ్మశానం పక్క మడిచెక్క. కూరగాయల దొడ్డి. లింగ్యా చిన్నప్పుడు ఆడుకున్న కమలా చెట్ల కింద. అవి ఇక్కడి నుంచి కనబడవు. రా తల్లీ, చూపిస్తా."

నడిచాడు. మిగతా నలుగురి మడులూ కూడా చూపించాడు. వాళ్ళలో ముగ్గురు చనిపోయారు. నాలుగోవాడు గుమ్మంలో నిలబడి, "ఏం గెంఫా, మన పడవలు లెక్కపెడుతున్నావా?" అని కేకేశాడు. మావయ్య కర్ర ఎత్తి అతని మడి వైపు చూపించాడు.

* * *

చలికాలంలో పొద్దు ఉత్తరానికి తిరిగే రోజు మాకు కొత్త సంవత్సరంతో సమానం. కొత్త బియ్యం పిండితో ఉండలు చేసి ఇంటిల్లిపాదీ కలిసి తినాలి. దానికి ముందు రోజే పటం వచ్చింది. ఊరి కార్యాలయం గోడకు అంటించారు. ఊరంతా లేత ఆకుపచ్చ, మధ్య మధ్య పసుపు, ఐదు మడులు ఎరుపు, వాటికి తోడు మూడు చిన్న ఎర్ర చుక్కలు. అన్నిటికంటే ముదురు ఎరుపు మచ్చకు మూడు కోణాలున్నాయి, పేరు రాయకపోయినా పిల్లలు కూడా గుర్తుపడతారు. మట్టిలో చేరిన ఆ విషం పేరు కాడ్మియం అని టీచరమ్మ చెప్పింది. మా మడి మట్టి పులుపెక్కింది, అందుకే గింజలోకి ఇంకా సులువుగా ఎక్కిందట. గింజ రుచిగా ఉంటుందని మావయ్య ముందుగా నీళ్ళు తీసేసేవాడు, దానివల్ల ఇంకా ఎక్కిందట. ఆయన చేసిన ప్రతి మంచి పనీ అటే పనిచేసింది.

ఊరు తిట్టుకోలేదు. ఆ ఐదు మడులు తప్ప మిగతావాటికి పేరు దక్కిందని లోలోపల ఊపిరి పీల్చుకుంది. యాన్ మాత్రం ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మా గుమ్మంలోకి వచ్చి ఒక బస్తా దింపాడు.

"నా మడివి మావా. నూక ఎక్కువ, రాళ్ళున్నాయి. ఏరుకోవాలి."

మావయ్య వాణ్ణి చూశాడు. "నీ జీవితంలో మొదటిసారి నీ సోమరితనం పండిందిరా," అన్నాడు. ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు రాలేదు.

ఆ పిండితోనే మెయ్‌దీ ఉండలు చేసింది. ఆవిరి లేస్తున్న గిన్నెలు బల్ల మీదకు వచ్చాయి. లింగ్యాకి అప్పటికే అంతా తెలుసు. తొమ్మిదో నెల పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని గిన్నె వైపు చూస్తోంది, తినట్లేదు. "ఇవి యాన్ తాతవే" అని మెయ్‌దీ చెప్పింది. మళ్ళీ చెప్పింది. పిల్ల చెయ్యి కదల్లేదు.

మావయ్య తన పీట నుంచి లేచి వచ్చి, దాని గిన్నెలోంచి ఒక ఉండ తీసి నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలాడు.

"చప్పగా ఉంది," అన్నాడు. "రాయి కూడా తగిలింది. తిను. దీంట్లో ఏమీ లేదు."

అది ఏడుస్తూ తింది.

ఒంట్లో ఆ విషం ఎంతుందో చెప్పే ఆస్పత్రి కాగితాలు ఆ తర్వాత వచ్చాయి. మావయ్యకు ఎక్కువ. మెయ్‌దీకి దాని తర్వాత. లింగ్యాకి ఉంది, కానీ హద్దు లోపలే. కడుపులో మాయ దాన్ని బిడ్డకు చేరకుండా చాలామటుకు అడ్డుకుంటుంది అంది డాక్టరమ్మ. చాలామటుకు అంటే ఎంత అని అడిగాను. అలాంటి లెక్క తన దగ్గర లేదంది. పురుడు వచ్చేదాకా ఆ "చాలామటుకు" అనే మాట మా ఇంట్లో ఐదో మనిషిలా తిరిగింది.

పెద్ద చలి కార్తెలో ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు దాన్ని అందరూ ఎత్తుకున్నారు, మావయ్య తప్ప. ఆయన పంపు దగ్గర ఉన్నాడు. సబ్బు రాసి, మోచేతుల దాకా రుద్ది, కడిగి, చూసుకుని, మళ్ళీ రుద్దుతున్నాడు. ఆ నీళ్ళు చలికి కోసేస్తున్నాయి. "చాలు మావయ్యా, రండి" అన్నాను. "ఉండు అల్లుడూ," అన్నాడు, "గోళ్ళలో ఉంటుంది."

ఆ కాలానికి ఆఖరి లెక్క: పోయినవి, మూడు మూలల మడి, అందులో ఇప్పుడు మట్టిలో విషాన్ని పీల్చుకునే, తిండికి పనికిరాని విల్లో మొక్కలు పెంచుతున్నారు, కూరగాయల దొడ్డి, కమలాచెట్లు, ఇంటి అన్నం వాసన, గోడ మీద మేకుకు వేలాడే తెల్ల కప్పు, దాన్ని ఎవరు తీశారో నేను అడగలేదు. వచ్చినవి, ఏ గట్టు దాటి కొనాలో, ఏ గట్టు దగ్గర ఆగాలో చెప్పే ఒక పటం, ఇప్పుడు నా కాటా పైన అంటించి ఉంది. బల్ల దగ్గర మావయ్య పక్కన ఒక పీట. పాన్ ఇంటిపేరుతో ఆరున్నర జిన్‌ల, అంటే మూడుంబావు కిలోల పిల్ల, గట్టి గొంతుది. దానికి ఆరో నెలలో మొదటి ముద్ద సోమరి యాన్ బియ్యంతో పెట్టాం. రాళ్ళు మావయ్యే ఏరాడు.